నరకద్వారమున నొక పగలు

కామము, క్రోధము, లోభము అను మూడింటిని నరకద్వారములని భగవద్గీత పేర్కొన్నది. నేను చూచివచ్చిన నరకద్వారము ఆ మూటిలో చేరినది కాదు. అది తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశమున, రాజధానియగు నైరోబికి వాయవ్యముగా సుమారు 90 కిలోమీటర్ల దూరమున, నైవాషా సరస్సు ప్రక్కనున్న జాతీయవనము. ఆంగ్లమున దాని పేరు హెల్స్ గేట్. తెనిగించిన నరకద్వారమే యగును. ఎఱ్ఱని యెత్తైన కొండచఱియల నడుమ నచ్చట నిరుకైన త్రోవ యొకటి యున్నది. 1883లో ఆ వైపునకు వచ్చిన జర్మను అన్వేషకుడు గుస్తావ్ ఫిషర్, స్కాట్లండు వాడైన జోసెఫ్ థామ్సన్ అనువారు దానికీ పేరు పెట్టిరని చెప్పుదురు. 1984లో సుమారు 68 చదరపు కిలోమీటర్ల నేల యచ్చట జాతీయవనముగా నేర్పడినది.

ఇట్టి పేరుగల చోటికి భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని యేల పోయితివని మిత్రులు కొందఱడిగిరి. అచ్చటి వింతలను వర్ణించుటకై నేనీ వ్యాసమును వ్రాయుటలేదు. వింతలు ఛాయాచిత్రములలో నా మాటలకంటె బాగుగ కనబడును. ఒక్క పగటిలో సైకిలు త్రొక్కి, గండిలో నడచి, పడవ నెక్కి వచ్చునప్పటికి నాకు తోచిన విషయము మన యిండ్లకు సంబంధించినది. దానిని చదువరుల యెదుట పెట్టుటయే నా తలంపు.

మన యిండ్లలో "వద్దు" అను మాటకున్నంత యధికారము మఱియే మాటకును లేదు. పిల్లవాడు చెఱువుగట్టున నిలిచిన వద్దు. ఆడపిల్ల సైకిలెక్కిన వద్దు. కోడలు కొండెక్కెదనన్న వద్దు. ఈ మాట ప్రేమచేతనే పుట్టుననుటకు సందేహము లేదు. దానిని పలుకు తల్లికిగాని, అవ్వకుగాని దుర్బుద్ధి యుండదు. చిక్కేమన, ఆ మాటతోనే సంభాషణ ముగిసిపోవుచున్నది. ఎందుకు వద్దు, ఎప్పుడు వద్దు, ఏమి నేర్చుకొన్నచో వద్దనవలసిన పని లేదు, అను మూడు ప్రశ్నలకును సమాధానము చెప్పువారుండరు. నీటికి దూరముగా పెంచబడిన బాలుడు ఈత నేర్వడు. ఏదో యొకనాడు పుష్కరములకో, పెండ్లివారి పడవలోనో అతడు నీటి చెంతకు పోకతప్పదు. ఆనాడు వద్దన్నవారు ప్రక్కన నుండరు.

2019 జనవరిలో సంక్రాంతి సెలవులకు మఱికొన్ని దినములు చేర్చుకొని, నైరోబిలో ఉద్యోగము చేయుచున్న మా తమ్ముని యింటికి నేనును, నా భార్యయు, పదునైదేండ్ల మా యమ్మాయియు పోయితిమి. మనుమరాలు మృగములు తిరుగు చోట సైకిలు త్రొక్కునని తెలిసి మా యత్తగారు టెలిఫోనులో నన్ను నిలవేసిరి. "అల్లుడుగారూ, మగవాళ్లు, మీరెక్కడికైనా వెళ్లండి. ఎదిగిన పిల్లను అడవిలో సైకిలెక్కించడమేమిటండీ?" అని యామె ప్రశ్న. అచ్చటి నియమములను, అచ్చట నుండు జంతువులను, మేము తీసికొనబోవు జాగ్రత్తలను ఒక్కొక్కటిగా జెప్పితిని. ఆమె యూరకుండిరి గాని యొప్పుకొనలేదు.

ఆ నియమములను ఇచ్చట కొంచెము వివరింతును. కెన్యాలోని జాతీయవనములలో పెక్కింట బండి దిగి నడచుటకు సామాన్యముగా ననుమతి లేదు. సింహాదుల భయమే దానికి కారణము. నరకద్వారమున పెద్ద మాంసాహార మృగములు మిక్కిలి యరుదు. అందుచే నచ్చట నడచుటకును, సైకిలు త్రొక్కుటకును యాత్రికులకు స్వేచ్ఛ గలదు. ముఖ్యద్వారమునకు ఎల్సా యను సింహపుపేరు పెట్టియున్నారు. జాయ్ ఆడమ్సన్ అను నామె తల్లిలేని యా యాడుసింహమును సాకి, పెద్దదైన పిదప అడవికే యప్పగించి, ఆ కథను గ్రంథముగా వ్రాసెను. ఆమె తరువాత నివసించిన యిల్లు ఈ సరస్సు నొడ్డుననే యున్నది. ఎల్సా ద్వారముకడ బాడుగ సైకిళ్లు దొరకును. గండిమొదటికి ఏడెనిమిది కిలోమీటర్ల మట్టిబాట.

అచ్చట మా మరదలు నా భార్యనుద్దేశించి, "అక్కా, మీరు కారులో రండి, మేము సైకిళ్లమీద వస్తాము" అనెను. నా భార్య యొక సైకిలు పిడిని పట్టుకొని, "ఒకసారి చూస్తానుండు" అనెను. ఆమె బాల్యమున తన తండ్రిగారి పెద్ద సైకిలును, సీటెక్క నెత్తు చాలక, నడిమి చువ్వక్రింద కాలు దూర్చి త్రొక్కెడిదని వినియుంటిని. పదుమూడవ యేట పెద్దలామెచేత దానిని మాన్పించిరి. అది మొదలు ఇరువదియేడేండ్లు ఆమె సైకిలు నెక్కి యెఱుగదు. ఇరువది గజముల దూరము చక్రము వంకరలు తిరిగినది. రెండుమార్లు కాలు నేల నాన్చెను. మూడవమాఱు బాట తిన్ననైనది. అటుపై మాకు కనబడినది దుమ్ములో నామె వీపు మాత్రమే.

దారిలో ఎడమప్రక్కను సుమారు 25 మీటర్ల యెత్తున ఒంటరిగా నిలిచిన రాతిస్తంభ మొకటి యున్నది. పూర్వమొక యగ్నిపర్వతపు గొంతులో గడ్డకట్టిన శిల యది. చుట్టునున్న మెత్తని మట్టి కొట్టుకొనిపోగా నిది మిగిలినది. ఫిషర్ పేరనే దానిని పిలుతురు. దాని మొదట కుందేలంతటి గోధుమవన్నె జంతువులు ఎండ కాచుకొనుచుండెను. హైరాక్స్ అనెడి యీ చిన్నప్రాణికి దగ్గఱి చుట్టములలో ఏనుగొకటి యని చెప్పగా మా యమ్మాయి నమ్మలేదు. రూపమును జూచి చుట్టఱికము నిర్ణయింపరాదని జీవశాస్త్రము చెప్పుచున్నది. మఱికొంత దూరము పోగా చారలగుఱ్ఱముల మంద బాట కడ్డముగా నడచుచుండెను. మేము సైకిళ్లు దిగి నిలిచితిమి. ఆ చారలకు పలువురు పలు కారణములు చెప్పుచు వచ్చిరి. చారల యొంటిమీద కుట్టెడి యీగలు సరిగా వ్రాలలేవని 2019లో వెలువడిన పరిశోధన యొకటి తేల్చినది. తుమ్మచెట్ల మీదుగా జిరాఫీల తలలు కనబడెను. అంత పొడవైన మెడలోను మన మెడలోవలెనే ఏడెముకలే యుండును.

అడవిదున్నల సంగతి వేఱు. మంద కనబడినప్పుడు మా తమ్ముడు ముందుగనే సైకిలాపి, చేయెత్తి మమ్ము నిలిపెను. మందలోని దున్నకంటె, మందను విడిచి యొంటరిగా తిరుగు ముసలి దున్న యపాయకరమనియు, చాటున నున్నదానిని హఠాత్తుగా సమీపింపరాదనియు, అది తల యెత్తి మనవైపు చూచినచో మనమే వెనుకకు తగ్గవలయుననియు చెప్పెను. మేము పావుగంట నిలిచితిమి. మంద తన త్రోవను తాను పోయినది. ఆ పావుగంటయు మా యమ్మాయి భయపడలేదనిన నిజము కాదు. తన భయముతో నేమి చేయవలయునో దానికి తెలిసియుండెను. తెలిసియుండుటచే నది పరుగెత్తలేదు, కేకలు వేయలేదు.

ఒక తుమ్మనీడను విశ్రమించినప్పుడు నా భార్య యిట్లనెను. "పదమూడో ఏట సైకిలు మాన్పించారు. ఎందుకని అడిగితే, ఇక నువ్వు పెద్దదానివయ్యావన్నారు. పెద్దదాన్నయితే ఇంకా బాగా తొక్కుతాను గదా అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు." ఆమె పలుకులలో నిష్ఠురము లేదు. కాని యిన్నేండ్లుగా ఆమె బజారునకు పోవలయునన్న రిక్షాకొఱకో, ఆటోకొఱకో, నా కొఱకో వీధి యరుగుమీద నిలిచి యెదురుచూచుట నేనెఱుగుదును. సైకిలు మాన్పించుటలో పోయినది ఆట యొక్కటియే కాదు. తన కాలమును తాను వాడుకొను స్వాతంత్ర్యమును పోయినది.

ఇది యొక్క యింటి కథ కాదు. 1991 ప్రాంతమున తమిళదేశములోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతోద్యమము జరిగినప్పుడు, చదువుతోబాటు సైకిలు త్రొక్కుటను గూడ స్త్రీలకు నేర్పిరి. పొలముపని చేయువారును, రాళ్లు కొట్టువారును, ఉపాధ్యాయినులును వేలకొలదిగ నేర్చుకొనిరి. నీళ్లబిందెను, బిడ్డను, అమ్మకపు సరకును సైకిలుమీద పెట్టుకొని తమంతట తాము పోయి రాగలిగిరి. 2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిళ్లకై ధనమిచ్చుట నారంభించెను. దానివలన ఉన్నతపాఠశాలలో చేరిన బాలికల సంఖ్య సుమారు 30 శాతము పెరిగినదనియు, బడి దూరముగా నున్న గ్రామములలోనే యీ ఫల మెక్కువగా కనబడినదనియు పరిశోధకులు లెక్క తేల్చిరి. బడికిని బాలికకును నడుమనున్న యడ్డంకులలో దూరము పెద్దదని దీనివలన విదితము.

ఇక గండి. మన గండికోటకడ పెన్నానది కొండను చీల్చుకొని పోయిన విధమును చూచినవారికి దీని నూహించుట కష్టము కాదు. ఐతే యిది మిక్కిలి యిఱుకు. పూర్వము అగ్నిపర్వతములు క్రక్కిన మెత్తని బూడిదరాతిని నీరు వేలయేండ్లు కోసి చేసిన సందిది. కొన్నిచోట్ల రెండు చేతులు చాచిన ఇరుప్రక్కల గోడలు తగులును. పైకి చూచిన నాకాశము నీలిదారమువలె కనబడును. గోడల పగుళ్లలోనుండి కొన్నియెడల వేడినీరు కాఱుచుండును. చేయి పెట్టిన చుఱ్ఱుమనును. భూగర్భమున నింకను వేడి చల్లాఱలేదనుట కది గుఱుతు. ఆ వేడిమిని బట్టియే సమీపమునందలి ఓల్కారియాలో 1981 నుండి విద్యుచ్ఛక్తిని పుట్టించుచున్నారు. నేలపై నక్కడక్కడ నల్లని గాజువంటి రాతి పలుకులు పడియుండెను.

మాకు దారి చూపిన వాడొక మాసాయి యువకుడు. గండిలో దిగుటకు ముందు ఆతడు మమ్మందఱిని నిలిపి మూడు మాటలు చెప్పెను. మొదటిది, ఎవ్వరును తనను దాటి ముందుకు పోరాదు. రెండవది, పైకెక్కుటకు వీలైన తావులను తాను చూపుచుండగా ప్రతివారును గుఱుతు పెట్టుకొనవలయును. మూడవది, తాను పొమ్మన్నప్పుడు ఎందుకని యడుగక యెక్కవలయును. ప్రశ్నలన్నియు పైకి చేరిన తరువాత. మా యమ్మాయి మూడవ మాటకు నవ్వి, నా చెవిలో, "నాన్నా, ఇక్కడ చుక్క నీరు లేదు. ఆకాశంలో మబ్బు కూడా లేదు. ఇంత పొడినేలలోకి వరద ఎట్లా వస్తుంది?" అని యడిగెను. ఆ ప్రశ్నను నేనాతనికి వినిపించితిని. ఆతడు తలపైకెత్తి చూపలేదు; కొండల కావలివైపు చూపెను. ఇచ్చట ఎండ కాయుచుండగనే యచ్చట వాన కురియవచ్చుననియు, ఆ నీరంతయు వాలుననుసరించి యీ యిఱుకుసందులోనికే వచ్చి చేరుననియు, వెడల్పు లేకపోవుటచే నీరు క్షణములలో పైకి లేచుననియు చెప్పెను. 2012 ఏప్రిలులో నిట్లే వచ్చిన వరదలో యాత్రకు వచ్చిన ఏడుగురు కొట్టుకొనిపోయి మరణించిరని శాంతముగా తెలిపెను.

మా యమ్మాయి నవ్వు మాని, ఆ పిమ్మట ప్రతి మలుపునను పైకెక్కు తావెక్కడనో తానే వెదకి చూపుచు వచ్చెను. రెండు గంటల నడకలో ఒక్కసారియు దానికి "జాగ్రత్త" అని నేను చెప్పవలసిన యవసరము కలుగలేదు.

మధ్యాహ్నము నైవాషా సరస్సు చేరితిమి. సముద్రమట్టమునకు సుమారు 1,890 మీటర్ల యెత్తున నున్న యీ సరస్సునకు నీరు వచ్చు నదులు కలవు గాని, పైకి కనబడునట్టి నీరుపోవు త్రోవ లేదు. అట్టి సరస్సులు ఉప్పనగుట సహజము. ఆ ప్రాంతమునందలి నకూరు మొదలగు సరస్సు లట్టివే. నైవాషా నీరు మాత్రము తీయగనే యున్నది. నేలలోనుండి నీరు లోలోపల ప్రవహించి పోవుచు, ఉప్పును గూడ తీసికొనిపోవుటయే కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. నైవాషా యను పేరు మాసాయి భాషలో అలజడిగల నీరను నర్థమిచ్చు మాటనుండి పుట్టినది. మధ్యాహ్నము తిరిగిన పిదప గాలి లేచి, సరస్సు పేరును సార్థకము చేయును.

పడవవాడు లైఫ్ జాకెట్లను పంచి, అందఱును వేసికొన్న తరువాత ఒక్కొక్కరి బొత్తాములను తానే లాగి చూచెను. నా భార్య జాకెట్టు వదులుగా నుండగా విప్పించి మరల బిగించెను. మా తమ్ముడు, "ఎండగా నున్నది, ఒడ్డు దాటాక విప్పవచ్చునా?" అని యడిగెను. పడవవాడు మఱుమాటాడక ఇంజను నాపి కూర్చుండెను. మా తమ్ముడు నవ్వి చేతులు జోడించిన తరువాతనే పడవ కదలినది.

నీటిగుఱ్ఱములు చెవులు, కన్నులు, ముక్కుపుటములు మాత్రము పైకి కనబడునట్లు మునిగియుండెను. పడవవాడు చాల దూరముననే వేగము తగ్గించి ప్రక్కగా త్రిప్పెను. అవి రాత్రివేళ గడ్డి మేయుటకు ఒడ్డెక్కుననియు, నీటికిని దానికిని నడుమ మనుష్యుడు నిలిచినచో మీదికి వచ్చుననియు చెప్పెను. మేము వచ్చుటకు కొన్ని నెలలకు ముందు, 2018 ఆగస్టులో, ఒడ్డున ఛాయాచిత్రము తీయుచున్న విదేశీయుడొకడు నీటిగుఱ్ఱపు వాత బడి మరణించియుండెను. చేపల గ్రద్దలు ఎండిన చెట్లకొనలనుండి వ్రాలి, గోళ్లతో నీటిని తాకి చేపతో లేచుచుండెను. నాలుగు గంటలగునప్పటికి గాలి హెచ్చినది. ఇంకను కొంతసేపు తిరుగుటకు మాకు కోరిక యున్నను పడవవాడు వినక ఒడ్డునకు మఱల్చెను.

ఇంతటితో నిలిపినచో నిది యొక సంతోషయాత్ర. కాని తరువాత జరిగినదానిని విడువరాదు. అదే సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన ఆ గండిలో మరల వరద వచ్చి, దారి చూపువానితో గూడ ఏడుగురు మరణించిరి. అధికారులు గండిని మూసివేసిరి. ఆ వార్త మఱవకమునుపే, రెండు వారములకు, సెప్టెంబరు 15న, మన గోదావరిలో పాపికొండలకు పోవుచున్న పడవ కచ్చులూరుకడ మునిగినది. అందులో 77 మంది యుండిరి. 26 మంది మాత్రమే ప్రాణములతో బయటపడిరి. నది వరదలో నుండెను. ఎండయో ఉక్కయో యని లైఫ్ జాకెట్లు విప్పియుంచినవారు పలువురని బ్రదికినవారు పత్రికలకు చెప్పిరి.

ఆ వారము మా యింటికి వచ్చిన బంధువు లందఱిదియు నొకటే మాట. "మేము వద్దన్నది ఇందుకే." మా యత్తగారు నాతో నేమియు ననక, మనుమరాలి తలమీద చేయి వేసి కన్నీరు పెట్టుకొనిరి. ఆ కన్నీటి కెదురుగా వాదించుట తగదు. మరణించినవారి యిండ్లలో ఏ వాదమును నిలువదు. అయినను బిడ్డలను పెంచువారము గనుక, కన్నీరు తుడుచుకొన్న పిదప ఆలోచింపక తీరదు.

గండిలో మరణించినవారిలో త్రోవ తెలిసినవాడును ఉండెను గదా, తెలివి యేమి కాపాడినదని యడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. తెలిసినంతమాత్రమున మృత్యువు తొలగునని నేననను. ప్రకృతి మనతో నట్టి యొడంబడిక చేసికొనలేదు. ఐతే వద్దనుటచేత తొలగునా? గోదావరి పడవలో నున్నవారు సాహసికులు కారు. పెద్దలతో, పిల్లలతో సెలవుదినమున బయలుదేరిన సంసారులు. మనమెంత వద్దన్నను మన పిల్లలు నీటిని దాటుదురు, రోడ్డు దాటుదురు, పరదేశములకు పోవుదురు. వారిని మనము ఆపలేము, సిద్ధము చేయగలము. వరదనాడు ఏటిలో పడవ యెక్కకుండుట, జాకెట్టు బిగింపనివాని పడవ దిగిపోవుట, మబ్బు కమ్మిననాడు గండిలో దిగకుండుట, ఇవి యన్నియు వద్దనుటలే. కాని యీ వద్దులు తెలిసి పలికినవి. కారణము తెలిసినవాడు వీనిని తనకు తానే చెప్పుకొనగలడు. పెద్దలు చెంత లేనప్పుడును చెప్పుకొనగలడు. అట్టి వద్దును బిడ్డ నోటికి నేర్పుట మన ధర్మము.

విద్యాధికులమైన మన యిండ్లలో మగపిల్లవానికి ఈతగాని, ఆడపిల్లకు సైకిలుగాని నేర్పించుటను చదువులో చేర్చుటలేదు. మార్కులకై వేలు వ్యయపఱచుదుము. ఏట మునుగకుండుటకు నెలరోజులు కేటాయింపము. కొడుకును ఏదో యొకనాటికి వీధి నేర్పుననియు, కూతురు నేర్వనక్కఱలేదనియు తలంతుము. అపాయము ఈ భేదమును పాటింపదు.

ఈ మాటలను నేను మా యత్తగారికి చెప్పుటకు ధైర్యము చాలక జాగుచేయుచుండగా, నా భార్య వేఱొక విధముగా చెప్పినది. కెన్యానుండి వచ్చిన నెలకే సైకిలొకటి కొనుక్కొని బజారుపని తానే చేసికొనుచుండెను. ఆ శీతకాలమున మా పట్టణపు ఈతకొలనులో స్త్రీలకు కేటాయించిన వేళను కనుగొని, మా యమ్మాయితోబాటు తానును చేరెను. మొదటినాడు మా యత్తగారు గట్టున కూర్చుండి రామనామము జపించుచుండిరి. పదవనాడు జపము మాని, "కాళ్లు ఇంకా గట్టిగా కొట్టవే" అని మనుమరాలికి కేకలు వేయుచుండిరి.

ఇప్పుడు మా యమ్మాయి చదువునకై పై యూరిలో నున్నది. మా వీధిలోని యాఱుగురు బాలికలు ఆదివారము ప్రొద్దుట పాఠశాల ఆటస్థలమున నా భార్యకడ సైకిలు నేర్చుకొనుచున్నారు. మొన్న వారి తల్లులలో నిద్దఱు, తమకు గూడ నేర్పునా యని సిగ్గుపడుచు నడిగిరట. వచ్చెడి ఆదివారమునకు ఇంకొక సైకిలు కావలసియున్నది.